గడిలో పట్టని డైలాగ్

పోయిన మంగళవారం పొద్దున మాస్టారి భార్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా" అన్నారు. మళ్లీ ఆవిడే అన్నారు: "పెసరట్టు వెయ్యమని పలక మీద రాశారు. అట్టు వేసి తెచ్చేసరికి లేరు. ఏం తొందరొచ్చిందో ఈయనకి!" ఆయన విషయంలో తొందర అనే మాట వినడం నాకు అదే మొదలు. బతికినన్నాళ్లూ ఎదుటివాళ్ల తొందర తగ్గించడమే పనిగా పెట్టుకున్న మనిషి.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండగా, ఓ పాతిక పేర్ల గుంపులో ఆయన పేరూ పడి పోయేది. ప్రాంప్టింగ్ మాస్టారు. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్‌కి తెలుగు రాదు. కెమెరా పక్కన నిలబడి ఆమెకి డైలాగ్‌ని ముక్కముక్కగా అందిస్తారు, ఆమె అందుకుని పలుకుతుంది. గొంతు తర్వాత డబ్బింగ్‌లో ఇంకొకరిది పడుతుంది. పెదాలు మాత్రం ఆ అమ్మాయివే కదా! ఆ పెదాల మీద తెలుగు ఆడించడం ఆయన ఉద్యోగం. పుట్టింది తెనాలి వైపు. సినిమావాళ్లంతా మద్రాసు నుంచి కదిలినప్పుడు తనూ కదిలి, ఫిల్మ్‌నగర్ వాలులో రెండు గదుల వాటాలో దిగారు.

నాది షేక్‌పేట. ఇలా రాయడం చదువుతో వచ్చింది గానీ నోరు తెరిస్తే నేను పక్కా షేక్‌పేటే. తొంభైల చివర్లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, గుట్ట ఎక్కి ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారి ఆఫీసులో ఆపరేటర్‌గా చేరాను. చేరిన రోజే మాస్టారితో గొడవ. నేను ఫోన్‌లో ఎవరితోనో గడగడా మాట్లాడి పెట్టేస్తే, మూలన కూర్చున్న పెద్దాయన తలెత్తి అడిగారు.

"అమ్మాయ్, నువ్వు మాట్లాడింది తెలుగేనా? మధ్యలో ఊపిరి తీసుకోవా?"

నాకు మండింది. "నా తెలుగుకేమైంది? మీ తెలుగే రబ్బరు సాగదీసినట్టు ఉంటది."

మేనేజరుగారు తల పట్టుకున్నారు. మాస్టారు మాత్రం కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. "బాగుంది. మళ్లీ అను. 'మీ తెలుగే' దగ్గర ఆగు, ఊపిరి తీసుకో, అప్పుడు తిట్టు. తిట్టు బాగా తగులుతుంది." చెప్పినట్టే అన్నాను. నిజమే, బాగా తగిలింది. ఆయన హాయిగా నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయనకి అమ్మాయిని.

కెమెరా పక్కన నిలబడినప్పుడు ఆయన చూపుడు వేలు ఎప్పుడూ పైకి లేచి ఉండేది. డైలాగ్‌లో ఊపిరి తీసుకోవాల్సిన చోట ఆ వేలు మెల్లగా కిందికి దిగేది. అంతే. ఆ అమ్మాయిలకి అది అలవాటైపోయేది. "మాట ఊపిరి దగ్గరే విరగాలి. ఇంకెక్కడ విరిగినా దెబ్బ తగులుతుంది" అనేవారు. ఇంట్లోనూ ఇదే తంతు. వాళ్లావిడ నాతో చెప్పుకుని నవ్వేవారు: "నేను కోపంగా ఏదో అంటుంటానమ్మా, ఈయన వేలు దించుతారు. అలవాటున ఊపిరి తీసుకుంటాను. ఆ కాస్తలో కోపం సగం పోతుంది. మహా గడుసు మనిషి!"

ఇంకో గుణం, ప్రతిదానికీ ఎందుకు అని అడగడం. ఒకసారి టోలిచౌకిలో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి కప్పులో పడింది. మనమైతే చెంచాతో తీసి తినేస్తాం. ఆయన ఇంకో బిస్కెట్ తెప్పించి తిరగేసి ముంచారు, ఇంకోటి అడ్డంగా ముంచారు. హోటలాయన వచ్చి "క్యా హువా సాబ్, బిస్కెట్ మంచిగ లేదా?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా ఉందయ్యా. ఎందుకు విరిగిందో చూస్తున్నా" అన్నారు మాస్టారు. హోటలాయన నా వంక జాలిగా చూశాడు. నేను తల దించుకుని చాయ్ తాగేశాను.

అలాంటి మనిషికి గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ అయింది. గొంతు మళ్లీ వస్తే వస్తుంది, ఇప్పుడైతే గుసగుస కూడా వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటికి మా సినిమా ముప్పావు వంతు అయిపోయింది. ముఖ్యమైన సీను మిగిలి ఉంది. తండ్రి ముందు మెట్ల మీద నిలబడి కూతురు ఇన్నేళ్ల కడుపులో బాధంతా ఒక్కసారిగా కక్కే సీను. కాగితం నిండా డైలాగ్. దర్శకుడుగారికి అది ఒక్క షాట్‌లో కావాలి, ఎక్కడా కట్ ఉండకూడదు.

దర్శకుడుగారు మంచివారే. ఆఫీసుకొచ్చి మెల్లగా అన్నారు: "మాస్టారూ, మీరు కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి. ఈ సీనుకి ఇంకొకతన్ని పిలుస్తాను. ఏమీ అనుకోకండి."

మాస్టారు సంచిలోంచి పిల్లలు రాసుకునే పలక తీశారు. ఆపరేషన్ తర్వాత ఆయన మాట అదే. "కాగితం మీద ఇస్తాను. ఆ అమ్మాయి చదివి నేర్చుకుంటుంది. నేను పక్కన ఉంటాను" అని రాసి చూపించారు. దర్శకుడుగారు నసిగారు. చివరికి, రిహార్సల్ చూసి చెబుతానన్నారు. ఆయన వెళ్లాక మాస్టారు పలక చొక్కా అంచుతో తుడిచి మళ్లీ రాసి నా వైపు తిప్పారు. "కెమెరా పక్కన ఆ అడుగు చోటు పోతే నాకింక ఏ చోటూ లేదు అమ్మాయ్." నాకు ఏడుపొచ్చింది. "ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న కదా" అన్నాను. ఏదో పెద్ద పుడింగినన్నట్టు.

మా ఆఫీసులో అన్నీ స్ప్రెడ్‌షీట్‌లోనే, అంటే కంప్యూటర్‌లో గళ్ల పట్టికలోనే ఉండేవి. మేనేజరుగారి పట్టుదల అది. ఒక వరస అంటే ఒక షాట్. సీను నంబరు ఒక గడిలో, లొకేషన్ ఒక గడిలో, తర్వాత ఎవరు, డైలాగ్, దుస్తులు, సామాను. ఏ లొకేషన్‌లో ఏమేం తియ్యాలో కావాలంటే ఒక్క నొక్కుతో వరసలన్నీ సర్దుకుంటాయి. డైలాగ్ వేరే కాగితంలో పెడితే స్పాట్‌లో సీను ఒకటి, డైలాగ్ ఇంకొకటి అయిన రోజులు మాకున్నాయి. అందుకని డైలాగ్ కూడా ఆ గడిలోనే, హీరోయిన్ చదువుకోవడానికి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని.

ఆ పొడుగు డైలాగ్ మొత్తం ఒక గడిలో కొట్టి ప్రింట్ ఇచ్చాను. నాలుగు మాటలు పడి, వెంటనే పక్క గడిలోని "తెల్ల చీర" వచ్చేసింది. ఇది నాకు తెలిసిన రోగమే. పక్క గడి ఖాళీగా ఉంటే మాటలు దాని మీదికి పాకుతాయి, నిండి ఉంటే అక్కడే తెగుతాయి. గడిలోనే మడిచి కిందికి దించమని ఒక ఆజ్ఞ ఉంది, అది ఇచ్చాను. గడి పొడుగ్గా సాగి డైలాగ్ పేరాలా కుదురుకుంది. తెర పైన ఉండే పట్టీలో చివరి మాట దాకా ఉందని మాస్టారు వేలు పెట్టి మరీ చదువుకున్నారు. కాగితం మిషన్‌లోంచి వస్తుండగానే చించి, లొకేషన్‌కి పోతున్న కారులో పంపేశాం.

రిహార్సల్ జూబ్లీహిల్స్‌లో అద్దెకు తీసుకున్న ఒక బంగళాలో. వెనకంతా బండలు, ముందు పెద్ద మెట్లు. హీరోయిన్ ఆ కాగితాన్ని రాత్రంతా బట్టీ కొట్టింది, పాపం. మెట్ల మీద నిలబడి మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు, మాస్టారి వేలు వైపు చూడలేదు, ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. "మీరు నన్నెప్పుడైనా..." అని గొంతు వణికించి, తండ్రి పాత్ర వేసే ఆయన వైపు చెయ్యి చాచి, గుండెలు పిండేసేలా "పే!" అంది. అని ఆగిపోయింది.

ఎవరికీ ఏం అర్థం కాలేదు. ఆ అమ్మాయి అలాగే చెయ్యి చాచి నిలబడింది, కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ముందు లైట్‌మన్ నవ్వాడు, తర్వాత యూనిట్ అంతా. ఆమె బిత్తరపోయి మాస్టారి వైపు తిరిగింది. "బస్, మాస్టర్‌జీ? ఇత్నా హీ?" కాగితంలో అంతే ఉంది మరి. తెలుగు రాని పిల్ల, ఉన్నది ఉన్నట్టు పలికింది. "పేరు పెట్టి పిలిచారా? ఒక్కసారి పిలవండి. తర్వాత ఏ శిక్షయినా వెయ్యండి" అని ఉండాలి అక్కడ. మాస్టారు అందించబోయి నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏం రాలేదు. నవ్వులన్నీ ఆగిపోయాయి.

దర్శకుడుగారు మేనేజరుగారిని పక్కకి పిలిచి చెప్పింది నాకు వినిపించింది. "రేపు షూటింగ్. ఆ రెండో అతనికి కబురు పెట్టి ఉంచండి. సాయంత్రానికి వీళ్లు సరైన కాగితం చూపిస్తే వద్దందాం."

మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి కూర్చున్నాం. నేను అక్షరాలు చిన్నవి చేశాను. ప్రింట్ ఇచ్చాను. "పే." గడి వెడల్పు పెంచాను. "పే." గడి ఎత్తు పెంచాను. కింద తెల్లకాగితం బోలెడు మిగిలింది గానీ, మాట అక్కడే తెగింది. "ఏంది మాస్టారూ ఇది, దయ్యం పట్టిందా ఏంది?" అని కీబోర్డ్ మీద ఒక్కటి కొట్టాను. మాస్టారి మొహం చూస్తే చోటు పోతుందన్న బెంగ ఉంది, కాదనను. కానీ దాని పక్కనే బిస్కెట్ ముంచిన రోజు నాటి మెరుపు కూడా ఉంది. ఏం మనిషండీ!

"ఇంకో డైలాగ్ వెయ్యి" అని రాశారు. రెండు సీన్ల డైలాగులు కలిపి ఇంకో గడిలో వేశాను. అదీ దాదాపు అంత పొడుగు దగ్గరే తెగింది. ఆయన పెన్సిల్‌తో ఒక్కో అక్షరం మీద చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టారు. రెండింటిలోనూ వెయ్యి దాటి ఏవో కొన్ని. అంటే గోల మా డైలాగ్‌ది కాదు, గడిది. తెర పైన పట్టీలో చూస్తే మాత్రం డైలాగ్ అక్షరం పోకుండా ఉంది. మాస్టారు పలక మీద రాశారు: "లోపల అంతా ఉంది. బయటికి రావట్లేదు." రాసి, తన గొంతు వైపు వేలు చూపించి, చప్పుడు లేకుండా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

"రెండు వరసలు చేద్దామా? సగం ఇండ్ల, సగం అండ్ల" అన్నాను. తల అడ్డంగా ఊపారు. ఒక వరస అంటే ఒక షాట్. రెండు వరసలు చూస్తే కెమెరావాళ్లు రెండు షాట్లకి లైటింగ్ చేసుకుంటారు. దర్శకుడుగారు అడిగింది ఒక్కటి.

అప్పుడు ఆయనకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. పొద్దున ఆ అమ్మాయి ఊపిరి తీసుకోలేదు. కాగితం మీద అంతా ఒకటే ముద్దగా ఉంటే ఎక్కడ తీసుకుంటుంది? "ఊపిరి ఉన్న చోటల్లా లైను విరువు" అని రాశారు. గడిలోపల కొత్త లైను మొదలుపెట్టడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి, అది నాకు కోర్సులో నేర్పారు. కానీ నాకు తిక్క రేగింది. "ఉన్నదే పడ్తలేదు, మీరింక లైన్లు పెంచుతరా? గిట్ల చేస్తే ఉన్నది గూడ పోతది! సాయంత్రం ఆయనొచ్చి అడిగితే నేనేం జెప్పాలె, మీరేం జెప్తరు, ఆ రెండో అతను గిట్ల వచ్చిండంటే..."

మాస్టారు వేలు పైకెత్తి, మెల్లగా దించారు. నేను ఊపిరి తీసుకున్నాను. మహా గడుసు మనిషి.

సరే, చేసి చూపిస్తే తెలిసొస్తుంది అనుకుని కూర్చున్నాను. ఆయన నా పక్కన కూర్చుని డైలాగ్‌ని లోపల్లోపల పలుకుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. వేలు దిగిన చోటల్లా నేను లైను విరిచాను. "నాన్నా" దగ్గర ఒకటి. "అమ్మ పోయిన రోజు" దగ్గర ఒకటి. కొన్ని లైన్లు పొడుగు, కొన్ని రెండే మాటలు. చివరిదాకా వచ్చి ప్రింట్ నొక్కాను. మిషన్ కర్రుకర్రుమంటూ కొడుతూనే ఉంది. "మీరు నన్నెప్పుడైనా" వచ్చింది. ఇంక ఆగుతుంది అనుకున్నాను. ఆగలేదు. "పేరు పెట్టి పిలిచారా?" వచ్చింది. దాని కింద "ఒక్కసారి పిలవండి." దాని కింద శిక్ష కూడా వచ్చింది!

"అమ్మో! మాస్టారూ! వచ్చింది, మొత్తం వచ్చింది!" అని ఎగిరి గంతేశాను. కాగితం చించి చేతిలో పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు, కాగితాన్ని ఒకసారి గుండెకి ఆనించుకున్నారు. తర్వాత పలక తీసుకున్నారు. ఎంతో సంతోషంగా ఏదో రాస్తారనుకున్నాను.

"ఎందుకు?" అని రాశారు.

"నాకేం ఎరుక మాస్టారూ! వచ్చింది కదా, ఇంక పోదాం జర!"

"వచ్చింది సరే. ఎందుకొచ్చింది?"

లైన్లన్నీ కలిపేయించారు, మళ్లీ తెగింది. మొదటి సగంలోనే విరిపించారు, ఈసారి "పే" దాటింది గానీ చివర కాస్త పోయింది. ఊపిరి చూడకుండా ఎక్కడపడితే అక్కడ విరిపించారు, అప్పుడూ వచ్చింది. దానికి కాస్త చిన్నబుచ్చుకున్నారు పాపం, మిషన్‌కి ఊపిరి తెలుసేమోనని ఆశపడ్డట్టున్నారు. కాగితాల కుప్ప చూసి మేనేజరుగారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటండీ మాస్టారూ ఇదీ! కాగితం ఏమైనా చెట్లకి కాస్తోందా?" మాస్టారు తాపీగా పలక తిప్పారు. "అక్కడి నుంచే వస్తుంది." మేనేజరుగారు పూర్తిగా వచ్చిన కాగితం ఒకటి తీసుకెళ్లి దర్శకుడుగారికి చూపించి, ఆ రెండో అతనికి వద్దని ఫోన్ చేశారు.

మర్నాడు బంగళా మెట్ల ముందు మాస్టారు తన చోట్లో, కెమెరా పక్కన నిలబడ్డారు. గొంతు లేదు, చేతిలో కాగితం కూడా లేదు, వేలు ఒక్కటే పైకి. హీరోయిన్ మొదలుపెట్టింది. లైను చివర వేలు దిగింది, ఆమె ఊపిరి తీసుకుంది. మొదటి టేక్ సగంలో ఏదో విమానం వెళ్లి పాడైంది. రెండోది చివరిదాకా వెళ్లింది. "ఒక్కసారి పిలవండి" అన్నాక ఆయన వేలు చాలాసేపు కిందే ఉంచారు. ఆమె ఆగింది. ఎదురుగా ఉన్న నటుడు నిజంగానే ఆ అమ్మాయిని పిలవబోయాడని యూనిట్‌లో చాన్నాళ్లు చెప్పుకున్నారు.

గొంతు మళ్లీ రాలేదు. చోటు మాత్రం పోలేదు. ఆ తర్వాత ఎన్నో సినిమాలకి ఆయన అలాగే పనిచేశారు. డైలాగులు నేను కొట్టేదాన్ని, ఆయన వేలు చూసుకుంటూ విరిచేదాన్ని. బొంబాయి పిల్లలు ఆ కాగితాలు తమకే కావాలని అడిగి తీసుకునేవారు.

చాలా ఏళ్లకి ఇంటర్నెట్‌లో వెతికి నేను ఆ జవాబు పట్టాను. పరుగున వాళ్లింటికెళ్లి చెప్పాను. ఆ ప్రోగ్రామ్ గడిలో ఎంతైనా దాచుకుంటుందట, కానీ వెయ్యి పైచిలుకు అక్షరాలే చూపిస్తుందట, అచ్చు వేస్తుందట. మధ్యమధ్య లైను విరిస్తే ఇంకా చూపిస్తుందట. మాస్టారు శ్రద్ధగా విన్నారు. పలక మీద రాశారు: "ఎంతో చెప్పావు. ఎందుకో చెప్పలేదు." వంటింట్లోంచి వాళ్లావిడ "ఇంకా ఆ గడి దగ్గరే ఉన్నారా ఇద్దరూ!" అని కేకేశారు. ఇప్పటికీ నాకు ఎందుకో తెలియదు. తెలిసినా చెప్పడానికి ఇప్పుడు ఆయన లేరు, అదే కష్టంగా ఉంది.

మొన్న ఆదివారం ఫిల్మ్‌నగర్‌లో సంతాప సభ పెట్టారు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు మైకంటే వణుకు. అలవాటు కొద్దీ ఒక గడిలోనే కొట్టుకున్నాను, ఊపిరి ఉన్న చోటల్లా విరిచి ప్రింట్ తీసుకున్నాను. చివరి మాట దాకా పడిందని కాగితం మీదే, రెండుసార్లు చూసుకున్నాను. సగం బాగానే చదివాను. "ఆయన నాకు నేర్పింది" అన్న చోట గొంతు పట్టేసింది. మిగతా మాటలన్నీ కళ్లెదురుగా కాగితం మీదున్నాయి, ఒక్కటీ బయటికి రావట్లేదు. ఇంక దిగిపోదామనుకుని తలెత్తాను.

ముందు వరసలో మాస్టారి భార్య కూర్చుని ఉన్నారు. ఒడిలో పలక ఉంది. ఆవిడ నా కళ్లలోకే చూస్తూ చూపుడు వేలు పైకెత్తి, మెల్లగా దించారు.

ఊపిరి తీసుకున్నాను. లైను వచ్చింది. ఆవిడ వేలు మళ్లీ పైకి లేచి, తర్వాతి లైను కోసం అలాగే ఆగింది.